డిస్కులో బుడ్డలు

కంప్యూటర్లు బూట్ కాకపోవడం వల్లనే నా కాళ్లకు చెప్పులున్నాయి. ఉరవకొండ బస్టాండుకు కొంచెం ఎగువన నాకొక రిపేరు కొట్టు ఉంది. బోర్డు మీద సర్వీస్ సెంటర్ అని రాయించాను గానీ, సెంటరు అనడానికి చుట్టూ కొంచెం చోటుండాలి కదా. మాది ఒక బల్ల, ఒక కుర్చీ, వాటి మధ్య ఇరుక్కున్న నేను. అయినా ఒక్క విషయంలో గొప్ప చెప్పుకోవాలి. చచ్చిందనుకున్న డిస్కులోంచి ఫైళ్లు బయటికి తీయడంలో నాకు ఓనమాలు రావడానికే చాలాకాలం పట్టింది, వచ్చాక మాత్రం వదల్లేదు. లెక్కలంటే తల తిరిగేది, ఇందులో చేయి తిరిగింది.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆటో దిగి ఒక అక్క వచ్చింది. సీపీయూ డబ్బాను పాత పట్టుచీర ముక్కలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయిందట. అప్పటినుంచి ఎన్నిసార్లు ఆన్ చేసినా నల్ల తెర మీద రెండు తెల్ల వాక్యాలు తప్ప ఇంకేమీ రావడం లేదట. బూట్ అయ్యే డిస్కు కనపడలేదని వాటి అర్థం.

"అంతా సాఫు చేసియ్యన్నా," అని డబ్బా బల్ల మీద పెట్టింది.

మా వైపు సాఫు అనే మాటకు అర్థాలు తక్కువేమీ లేవు. ఇల్లు సాఫు చేయడమంటే ఊడ్చడం. బియ్యం సాఫు చేయడమంటే రాళ్లేరడం. నా కొట్లో మాత్రం సాఫు అంటే ఫార్మాట్: లోపలున్నదంతా తుడిచేసి, డిస్కును పుట్టినప్పటిలా చేయడం. సగం మంది గిరాకీలు అదే అడుగుతారు. అయినా తుడిచే ముందు ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు.

"లోపల ఏమైనా ఉండాదా అక్కా?"

"బుడ్డలుండాయన్నా."

బుడ్డలంటే మాకు వేరుశనగలు. ఈ జవాబు విని నేనేమీ ఆశ్చర్యపోలేదు. అనంతపురం ఎలుకలకు మించిన రైతులు లేరు. చేలో పండినదాన్ని మోసుకొచ్చి వెచ్చగా ఉండే చోట దాస్తాయి, కంప్యూటరు డబ్బా కంటే వెచ్చటి గాదె వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఇదివరకు చాలా డబ్బాల్లో పొట్టు చూశాను. వెంటనే స్క్రూలు విప్పి, టార్చి వేసి, మూలమూలా వెతికాను. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఒక్కటీ లేదక్కా. ఎలుకలు తినేసినట్టుండాయి," అన్నాను, నా హాస్యానికి నేనే మురుస్తూ.

ఆమె మొహం పాలిపోయింది. "అన్నీ పోయినాయా?" అని గోడకు ఆనుకుంది.

అప్పుడు కుర్చీ ఆమెకిచ్చి నేను నిలబడి, అసలు సంగతి అడిగాను. మా ఊళ్లో పట్టుచీరల మగ్గాలున్నాయి. చీర అంచు మీద మామిడిపిందో హంసో రావాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని కంప్యూటర్లో గళ్లు గళ్లుగా గీయాలి. ఆ గళ్లను బట్టి అట్టలకు రంధ్రాలు పొడుస్తారు. ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పేవి ఆ అట్టలే. అక్క చేసేది ఆ గీత పని. ఇన్నేళ్లూ ఎవరెవరో అడిగిన పాత బొమ్మల్నే తిప్పి తిప్పి గీసిన మనిషి, పోయిన చలికాలమంతా వంటకూ వంటకూ మధ్య కూర్చుని మొదటిసారి తన సొంత అంచు ఒకటి, దానికి జతగా కొంగూ గీసిందట. బుడ్డల చెట్టు: పైన చిన్న పసుప్పచ్చ పూలు, కింద నేల గీత, ఆ కింద గుత్తులుగా బుడ్డలు. మగ్గాల యజమానికి చూపిస్తే, పెళ్లికూతురు బుడ్డలు కట్టుకుంటుందా అని ముందు ఎగతాళి చేశాడట. చివరికి ఒక్క మగ్గానికి ఒప్పుకున్నాడు. సోమవారానికి ఇవ్వకపోతే ఆ మగ్గం మీదికి మళ్లీ మామిడే ఎక్కుతుంది. బొమ్మకు ఇంకో కాపీ లేదు.

ఆమె అడిగిన సాఫు బాగుచేయడమని అప్పుడు అర్థమైంది; నేను ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఆమెకు చెప్పలేదు. డిస్కు ఊడదీసి నా మిషన్‌కు తగిలించాను. తగిలించగానే మిషన్ మర్యాదగా అడిగింది, ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. ఆ మర్యాదకు మోసపోయిన వాళ్లే నా గిరాకీల్లో ఎక్కువ. వద్దని నొక్కాను. ఇలాంటి డిస్కును నేరుగా బాగుచేయబోతే ఉన్నదీ పోతుంది. ముందు దాన్ని ఉన్నదున్నట్టు మంచి డిస్కులోకి ఎత్తుకోవాలి, చేసే వైద్యమేదో ఆ నకలుకు చేయాలి. ఎత్తడం మొదలుపెట్టాను. మధ్యలో డిస్కు టిక్కు టిక్కుమంటూ మొరాయించిన చోట్లను దాటేసి, చివర్లో వెనకవైపు నుంచి వచ్చి మళ్లీ చదివించాను. అది టిక్కుమన్నప్పుడల్లా అక్క ఉలిక్కిపడుతోంది.

ఆమెకు ధైర్యం చెప్పాలి గానీ నాకు వచ్చిన భాష ఆమెకు రాదు. అందుకని చేలోకి పోయాను. వాన లేక నేల బిగిసిన ఏడాదిలో బుడ్డల చెట్టు పెరికితే ఏమవుతుందక్కా అని అడిగాను. చెట్టు వస్తుంది, బుడ్డలు తెగి లోపలే ఉండిపోతాయి అంది. ఇక్కడా అదే జరిగిందన్నాను. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, కరెంటు దాన్ని పెరికేసింది. పైనుంచి చూస్తే బయలు.

ఆమె బల్ల మీది డిస్కు వైపు చూసింది. "అంటే పైన చెట్టు పోయిందంతే. బుడ్డలు యాడికీ పోలేదంటావు."

"పోలేదు. ఏరుకోవాల."

నకలులో పట్టిక బాగుపడలేదు. ఇంక పట్టికతో పని లేకుండా, బొమ్మ అనిపించిన ప్రతిదాన్నీ లోపలినుంచి తవ్వి తీసే పని పెట్టాను. సాయంత్రం ఎండ కొట్టు గడప దిగేసరికి తెర నిండా బొమ్మలు వచ్చాయి. అయితే ఒక్కదానికీ పేరు లేదు. ఇక అక్క వంతు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తోసేసింది. మామిడి, హంస, ఇంకో మామిడి, రుద్రాక్ష, ఎవరిదో పుట్టినరోజు ఫొటో, మళ్లీ మామిడి. మామిడి తోటలో బుడ్డల కోసం వెతికినట్టుందక్కా అన్నాను. నవ్వలేదు. నా హాస్యానికి ఆ రోజు కాలం కలిసి రాలేదు.

చివరికి చెయ్యి ఆగింది. పసుప్పచ్చ పూలు కనిపించాయి. కిందికి జరిపితే నిలువుగా గీసిన అంచు సగం దాకా ఉంది, మిగతా సగం ఉత్త బూడిద రంగు పట్టీ. మొరాయించిన చోట్లలో ఒకటి అక్కడే పడింది. నా దగ్గర ఇంకా రెండు ఉపాయాలున్నాయి, చూద్దామని మొదలుపెట్టబోయాను. ఆమె నా మాట వినడమే లేదు. బొమ్మను పెద్దది చేసి, ఒక పువ్వు దగ్గర వేలు పెట్టి, చెట్టు మీదుగా, బుడ్డల మీదుగా, పక్క పువ్వు దాకా తెర మీద జరిపింది.

"ఇంగ చాలన్నా. ఒక చెట్టు మొత్తం ఉండాది. అంచంటే ఏంది, ఒకే చెట్టు మళ్లా మళ్లా రావడమే గదా."

"మరి కొంగు?"

"కొంగు దొరకలేదు. మళ్లా గీస్తా. మిషన్ మర్చిపోయింది గానీ నేను మర్చిపోలా."

ఆ చెట్టును పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, నా డిస్కులో ఒకసారి దాచి ఇచ్చాను. డబ్బాలో కొత్త డిస్కు పెట్టి విండోస్ ఎక్కించి ఆన్ చేస్తే, ఏమీ జరగనట్టు బూట్ అయింది. పాతదాన్ని ఇప్పుడు సాఫు చేయొచ్చా అని అడిగింది. ఇప్పుడు చేయొచ్చు, నా సాఫూ నీ సాఫూ ఒకటే అన్నాను. అప్పుడు నవ్వింది.

సోమవారం పొద్దెక్కాక ఫోను మోగింది. వెనక మగ్గాల చప్పుడు.

"యజమాని ఏమన్నాడక్కా?"

"పెళ్లికూతురు మాట తర్వాత, ముందు మా ఇంట్లో ఆమెకొకటి నెయ్యాల అంటాండాడు."

ఆ వారం అక్క వచ్చినప్పుడు కొత్తగా గీసిన కొంగు కూడా నా డిస్కులో దాచమని పెన్‌డ్రైవ్ ఇచ్చింది. అలా దాచే కాపీలను ఆమె విత్తనాలంటుంది. దాంతోపాటు ఒక సంచీడు ఉడకబెట్టిన బుడ్డలు తెచ్చింది. అవి తిన్నాక బల్ల కింద పొట్టు ఒక్కటి కూడా మిగలకుండా నేనే ఊడ్చాను. ఈసారి ఎవరైనా డబ్బాలో బుడ్డలున్నాయంటే నేను టార్చి తీయకుండా ఉండాలి కదా.