మీసం కింద దాచిన నొక్కు

సహోదరులారా, మా ముత్తాత ఓబులరెడ్డి గారు ఏడు ఊళ్లకు తీర్పు చెప్పినవారు, మా తాత వెంకటసుబ్బారెడ్డి గారు ఎదురొస్తే జనం తలపాగా తీసేవారు. మగవాడు మీసం తీయకూడదన్నది మా ఇంటి కట్టడి. భూమి బయటికి పోకూడదని మూడు తరాలు మేనరికాలే చేసుకున్నారు, నేనూ మా మేనత్త కూతురు సుజాతనే చేసుకున్నాను.

సెల్‌ఫోన్లు మా పల్లెకు కొత్తగా వచ్చిన రోజుల్లో మాకు ఆడబిడ్డ పుట్టింది. పైపెదవి చీలి ఉంది, అంగిలి కూడా చీలింది, తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. గ్రహణం నాడు కత్తిపీట ముట్టావని నేను సుజాతను నిందించాను.

"ఆ పొద్దు నేను మంచమే దిగలేదు గదా బావా" అంది.

నేను వినలేదు. తల్లీబిడ్డలను మైదుకూరులో అత్త ఇంటికి పంపేసి ఏడు గదుల ఇంట్లో ఒక్కణ్ణే ఎనిమిది నెలలు ఉన్నాను. పలకరించే మనిషి లేడు, పిలవడానికి నాకు పౌరుషం అడ్డం.

సుజాత అక్కడ చర్చిలో ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. బిడ్డకు కర్నూలులో ఆపరేషన్ అని కబురు పంపితే వెళ్లాను. మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. ఆమె ఓపికగా చెప్పింది: దీనికి గ్రహణం కారణం కాదు, ఏ ఒక్క జన్యువో కూడా కాదు, తల్లి వైపువి కొన్ని, తండ్రి వైపువి కొన్ని, విడివిడిగా ఉంటే ఏమీ చేయకపోవచ్చు, కలిస్తే ఒకదానికొకటి తోడై ప్రమాదం పెంచుతాయి, దగ్గరి సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ, అయినా తప్పక వస్తుందని చెప్పలేము, ఎవరి తప్పూ కాదు.

నా చెయ్యి మీసం మీదికి పోయింది. పుట్టుకతో నా పైపెదవికి, చీలబోయి ఆగినట్టు, చిన్న నొక్కు ఉంది, మా తాతకూ ఉండేదట. మీసం దాన్ని కప్పింది.

ఆసుపత్రి ప్రార్థన గదిలో, మా ఇంటి మగవాళ్లు ఎన్నడూ వంచని మోకాళ్లు వంచి, "ప్రభువా, నా మరకను ఆమె మీద పూసినాను, నన్ను క్షమించు" అని ఏడ్చాను. బయట మంగలి దగ్గర మీసం తీయించుకుని డాక్టరమ్మకు నిజం చెప్పాను.

సుజాత నా పెదవి మీది నొక్కు చూసింది. "ఇప్పుడు బిడ్డది నాయన పోలికేనని అందరికీ తెలుస్తాది బావా" అని నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది.

పెదవి కలిసింది, రెండో ఆపరేషన్‌తో అంగిలీ మూసుకుంది. దేవునికే మహిమ! దాచుకున్నది ఏదైనా సరే, ఆయన ముందు పెట్టండి, ఆయన తోసివేయడు.

మూడు తరాలు మేనరికాలతో కాపాడిన ఆ భూమిలో మిగిలిన నాలుగెకరాలు మొన్న వేసవిలో మాకు ఏ చుట్టరికమూ లేని కమలాపురం వాళ్లకు అమ్మేశాము.