తొమ్మిదో అంకె

ఏడో నెలలో డాక్టరమ్మ మా ఆవిడను మంచం దిగొద్దంది. మేడ్చల్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, షామీర్‌పేటలో మేం అద్దెకున్న మేడగదిలో రోజంతా ఫ్యాను చూస్తూ పడుకోవాలంటే మాటలా? కొన్నాళ్ళు ఫోను చూసింది, కొన్నాళ్ళు అలిగింది. తర్వాత నా మీద పడింది.

ఓ సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే పిలిచింది. "ఇట్ల రా, ఒక నంబర్ జూపిస్త."

మాది గుంటూరు వైపు. పదో తరగతితోనే లెక్కలకు దణ్ణం పెట్టేసినవాణ్ణి. అయినా వెళ్ళి కూర్చున్నాను. పాత క్యాలెండరు వెనక రాసింది: 73939133.

"గిది ప్రధాన సంఖ్య. ఒకటితోటి, దాంతోటి దప్ప దేన్తోటి నిశ్శేషంగ పోదు. ఇగ చివరి అంకె మూసెయ్."

వేలితో మూశాను. 7393913 మిగిలింది.

"గిది గూడ ప్రధాన సంఖ్యనే. ఇంకోటి మూయ్."

అలా కుడివైపు నుంచి ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తే చివరికి 739, 73, 7. ఎక్కడ ఆగినా ప్రధాన సంఖ్యే. నాకు తెలియకుండానే "అబ్బ!" అన్నాను.

"చివర ఇంకో అంకె చేరిస్తే?"

ఆవిడ మొహం వెలిగింది. "నువ్వే జూడు."

సరిసంఖ్యలు, సున్నా, అయిదు పనికిరావని నాకే తట్టింది. "అంకెలన్నీ కూడు, మూడుతోటి పోతదేమో జూడు" అని ఆవిడ చెబితే ఒకటి, ఏడు కూడా పోయాయి. ఇక మూడు, తొమ్మిది మిగిలాయి. రోజూ వచ్చీ రాగానే ఆవిడ పక్కన కూర్చుని ఏడు, పదకొండు, పదమూడు అంటూ భాగిస్తూ పోయాను. ఏ రోజూ నిశ్శేషంగా పోలేదు.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ పెరుగు తెచ్చి నన్ను చూసి నవ్వేది. "క్యా బేటా, నీకు గూడ పరీక్షలున్నయా?"

వంద లోపు ప్రధాన సంఖ్యలన్నీ అయిపోయిన రోజు ఎగిరి గంతేసినంత పని చేశాను. "దొరికినట్టే!"

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "దొరకది. అవి రెండూ పెద్ద పెద్ద సంఖ్యలతోటి పోతయ్, కంప్యూటర్ల ఎప్పుడో జూసిన్రు. గిట్ల కుడి దిక్కు నుంచి కొట్టేసుకుంట పోయేటివాట్ల గిదే అన్నిటికన్న పెద్దది."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"జెప్తె రోజు పొద్దూకంగనె నా పక్కన కూసుంటుంటివా?"

ఆవిడ కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

పాప నెలలు నిండాకే పుట్టింది, బొద్దుగా. ఇప్పుడు సాయంత్రాలు దాన్ని ఒళ్ళో వేసుకుని, ఇంకో నంబరు చెప్పమని నేనే అడుగుతున్నాను.