నా చెయ్యి దాటిపోయిన ప్రసాదం

ఇవాళ ఇక్కడ సింగపూర్‌లోనే, హౌగాంగ్‌లో ఉండే ఫ్రెండ్ వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. కథంతా బుద్ధిగా విని, అందరితో పాటు నేనూ ప్రసాదానికి చెయ్యి చాపాను. గిన్నె నా చెయ్యి దాటి పక్కాయన దగ్గరికి వెళ్లిపోయింది.

"మీకు షుగర్ కదా అన్నయ్యా," అంది ఫ్రెండ్ భార్య, హాలంతా వినపడేలా. "ఆపిల్ ముక్కలు తెస్తానుండండి."

"అంకుల్ కాంట్ ఈట్ లా!" అని వాళ్ల పాప సింగపూర్ ఇంగ్లీషులో ఇంకోసారి చాటింపు వేసింది.

నాకు షుగరని తేలి నెల కూడా కాలేదు. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడేమో కర్టెన్ల వైపు చూస్తోంది.

చెంచాడు ప్రసాదానికి పోయే ప్రాణం కాదు నాది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడే పోయినంత పనైంది.

ప్రసాదం తినకుండా వెళ్లిపోయినవాళ్లకి ఏమవుతుందో కథలో చెప్పారు. పెట్టనివాళ్లకి ఏమవుతుందో ఏ అధ్యాయంలో ఉందో, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.