కెప్టెన్ కాలికి తగిలిన చెయ్యి

దెయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. మా కంచరపాలెంలో దెయ్యం పట్టిందన్న వాళ్లందరికీ నిజంగా పట్టింది సారానో, అత్తగారో. నేను కోతలరాయుణ్ణని కూడా అక్కడ అందరికీ తెలుసు. ఇది కోతే అయితే ఇంతకన్నా బాగా కోసేవాణ్ణి.

తొంభైల చివర్లో, విశాఖ విమానాశ్రయంలో ఒక ప్రైవేటు కంపెనీవాళ్ల చిన్న విమానానికి నేను మెకానిక్‌ని. నాలుగు సీట్లు, ముందొక పంకా. దాన్ని నడిపే కెప్టెన్‌గారిది హైదరాబాదు. మావాళ్ల బొట్లూ తాయెత్తులూ చూస్తే ఆయనకి ఒళ్లుమంట. విమానంలో పూజాసామాను కనబడితే పెట్టినవాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేస్తానని ముందే చెప్పాడు. ఆ విషయంలో ఆయనా నేనూ ఒకటే.

ఆయుధపూజ నాడు మా బావమరిది రమణ ఊరుకోలేదు. పోర్టులో క్రేన్ నడుపుతాడు, పొద్దున్నే దానికి దండేసి వచ్చాడు.

"ఏటి బావా, రిక్సాకి కూడా దండేత్తారు. నీ ఇమానం దానికన్నా నీసమా?"

వాడి నోరు మూయించడానికి నిమ్మకాయలు గుచ్చిన దండ ఒకటి పట్టుకెళ్లి, కెప్టెన్‌కి కనబడకుండా ఆయన కాళ్ల దగ్గర, పెడల్స్ వెనక కట్టాను. సాయంత్రం తీసేద్దామనుకుని మర్చిపోయాను. వెక్కిరింతకి కట్టింది ఎవడికి గుర్తుంటుంది?

మర్నాడు ఉదయం ఆయన పక్క సీట్లో నేనూ ఎగిరాను. అచ్యుతాపురం దాకా వెళ్లి తిరిగొచ్చాం. చక్రాలు నేలకి తగలగానే విమానం ఎడమకి లాగింది. సముద్రం గాలికి అది మామూలే, కుడి పెడల్ తొక్కితే సర్దుకుంటుంది. కెప్టెన్ తొక్కాడు. పెడల్ దిగలేదు.

"పట్టేసింది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు దండ. దారిలో ఎక్కడో జారి పెడల్ కింద ఇరుక్కుంది. విమానం రన్‌వే దిగి సిమెంటు కాలువ మీదికి పోతోంది.

నేను చేసిన ఘనకార్యం చెబుతాను. రెండు చేతులతో కళ్లు మూసుకున్నాను.

ఒక్క కుదుపుతో కుడికి తిరిగి, గడ్డిలో ఆగాం. కళ్లు తెరిస్తే దండ నా ఒళ్లో ఉంది. ఒక కాయ నలిగి రసం కారుతోంది.

కెప్టెన్ చీలమండ రుద్దుకుంటున్నాడు. "భలే లాగావోయ్. నీ చెయ్యేంటి, ఐసుగడ్డలా ఉంది?" తర్వాత దండ చూశాడు. "ఎవడు కట్టాడీ చెత్త?"

"ఎవడో మూఢుడు సార్," అన్నాను.

ఆ మర్నాడు హ్యాంగర్‌లో అదే సీట్లో కూర్చుని, అదే బెల్టు బిగించుకుని చెయ్యి చాపి చూశాను. పెడల్‌కి ఇంకా జానెడు దూరం. నాలుగుసార్లు చూశాను.

ఉద్యోగం ఊడలేదు సరికదా, పర్మనెంటు చేశారు. కెప్టెన్ రిటైరయ్యేదాకా, పూజలు చేసేవాళ్లని తిట్టిన ప్రతిసారీ నన్ను చూపించి, "వీణ్ణి చూసి నేర్చుకోండి" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. ఇంత సిగ్గులేని మనిషి కోసం ఆ పెడల్ కిందికి చెయ్యి పెట్టింది ఎవరో, ఎందుకో, ఇప్పటికీ నాకు తెలియదు.