పచ్చి జీడిపప్పు వెళ్ళిన దారి

మా ఆవిడకు పిత్తాశయం తీసేసి రెండు నెలలు దాటినా చారన్నం, మజ్జిగన్నం దగ్గరే ఆగిపోయింది. కొద్దికొద్దిగా మొదలుపెట్టి అన్నీ తినొచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ వినయంగా తలూపి, ఇంటికొచ్చి మళ్ళీ చారే కాచుకుంది. ఇంట్లో ఏ పూట ఏం వండుకున్నామో డైరీలో రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అలవాటు. ఆ రెండు నెలలూ నా కూర వేరుగా, ఆవిడ చారు వేరుగా రాయాల్సి వచ్చింది. అలా రాయడం నాకు బాగుండేది కాదు.

ఇంతలో పచ్చి జీడిపిక్కల కాలం వచ్చి, అయిపోవచ్చింది కూడా. మాకవరపాలెం దగ్గర జీడితోట ఉన్న మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, ఏటా పిక్కలు చీల్చి పప్పు తీసి మాకు పట్టుకొస్తుంది. జీడి రసం తగిలి ఆ రోజుల్లో ఆమె వేళ్ళు నల్లగా ఉంటాయి. ఆ కూరంటే మా ఆవిడకు ప్రాణం. ఈ ఏడాదికి ఇదే ఆఖరు సంచి అంటూ దించింది మరదలు. మా ఆవిడ పప్పును వేడినీళ్ళలో వేసి పొట్టు తీస్తూ, కూర నాకూ మరదలికేనని, తనకు చారు చాలని ముందే చెప్పేసింది.

"ఏటక్కా, ఇంక మజ్జిగతోనే బతికేస్తావా? డాక్టరు తినమన్నాడు కదేటి."

"డాక్టరుకేం, చెప్తాడు. కన్నం ఉన్నది నా కడుపులో."

ఏం కన్నమని అడిగాను. పొట్టు తీయడం ఆపకుండానే చెప్పింది. పిత్తం సంచి కోసేశారు కదా, తిన్నదంతా అక్కడిదాకా వచ్చి, సంచి లేక లోపలెక్కడో కారిపోతుందని ఆవిడ భయం. చారైతే ఎలాగో సర్దుకుంటుంది, నూనె కూరైతే ఏమవుతుందో అని.

బడిలో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పినవాణ్ణి. సుద్దముక్క తెచ్చి వెనక వరండా గచ్చు మీద బొమ్మ వేశాను. నోరు, అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నప్రేగు మెలికలు, చుట్టూ పెద్దప్రేగు. కుడివైపు కాలేయం, దాని కింద చిన్న సంచి. సంచి మీద అడ్డగీత కొట్టాను. నమిలిన ముద్ద జీర్ణాశయంలో ఆమ్లంతో కలిసి జావలా అవుతుందని, అది కాస్తకాస్తగా చిన్నప్రేగులోకి దిగితే క్లోమం నుంచి ఒక రసం, కాలేయం నుంచి పైత్యరసం వచ్చి కలుస్తాయని చెప్పాను. నూనెను సన్నని తుంపరలుగా విడగొట్టేది పైత్యరసమే.

"అన్నం వెళ్ళేది మెయిన్ రోడ్డు. నీ సంచి పక్క సందులో గిడ్డంగి. అన్నం ఆ సందులోకి ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు గిడ్డంగి తీసేసి, దాని గుమ్మం మూసేశారు."

ఆవిడ బొమ్మను చాలాసేపు చూసింది. "మరి ఆ రసం?"

"తయారుచేసేది కాలేయం. సంచి దాచిపెట్టేది, అంతే."

"అంటే మేడమీద ట్యాంకు తీసేశారు, మోటారు ఉంది."

"అంతే. ధార సన్నగా వస్తూనే ఉంటుంది. ఒకేసారి బిందెలు పట్టకూడదు."

"ఈ ముక్క రెండు నెల్ల కితం సెప్తే ఏటి పోయింది బావగారూ?" అంది మరదలు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ రెండు చెంచాల కూర అన్నంలో కలుపుకుంది. తిన్నాక వరండాలోకి వచ్చి బొమ్మ పక్కన పీట వేసుకుని, ఇప్పుడెక్కడుందని అడిగింది. చేతికర్ర జీర్ణాశయం మీద పెట్టాను. మరదలు బస్సుకు బయల్దేరే ముందు తనూ అడిగింది. చిన్నప్రేగు మొదటి మలుపు చూపించాను. దీపం పెట్టే వేళకి మెలికల మధ్యకు వచ్చాం. లోపలి గోడ నిండా ఉండే సన్నని వేళ్ళలాంటి చూషకాలు సారం పీల్చుకుంటాయని, మిగిలిన దాంట్లోంచి పెద్దప్రేగు నీళ్ళు లాగుతుందని చెప్పాను. కడుపు మీద చెయ్యి వేసుకుని విన్నది. నొప్పి లేదంది.

మర్నాడు లేచేసరికి వరండా కడిగేసి ఉంది. గచ్చు మీద బొమ్మ లేదు. మిగిలిన పప్పు వేడినీళ్ళలో నానుతోంది. బొమ్మ మళ్ళీ వెయ్యనా అన్నాను. దారి తెలిసిందండీ, అక్కర్లేదంది.

భోజనాల దగ్గర గరిటెతో వడ్డించుకుంటుంటే, బిందెలు వద్దన్నానని గుర్తుచేశాను.

"చెంబుడే కదండీ," అంది, రెండోసారి గరిటె ముంచుతూ.