ఊడి రావలసిన రికాబు

అది 1987. తెనాలి స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో, సైకిలు షాపుకూ సోడా కొట్టుకూ మధ్య ఇరుక్కుని మా తోలుసామాను కొట్టు ఉండేది. మా నాన్న కాలంలో జట్కా గుర్రాలకు కావలసినవన్నీ అక్కడే కుట్టేవారు. కళ్లేలు, పగ్గాలు, కంటిగంతలు, పొట్ట కింద బిగించే పట్టెడలు. పట్టెడ కుడితేనే మాకు పట్టెడన్నం. నా చేతికి కొట్టు వచ్చేసరికి ఊళ్లోకి ఆటోలొచ్చాయి. పట్టెడలు తగ్గాయి గానీ అన్నం మాత్రం మునుపటంతే కావలసి వచ్చింది. అంచేత స్కూలు సంచులు, స్కూటరు సీట్లు, హార్మోనియం పెట్టె తిత్తులు, ఏది వస్తే అది కుట్టేవాణ్ని.

గుర్రం సామానులో నాకు అంతో ఇంతో పేరుండేది. ఆ పేరు నిలబడటానికి కారణం నన్ను గుర్రం మీద ఎవరూ చూడకపోవడమే. అప్పటికి జీవితంలో ఒక్కసారే ఎక్కాను. ఎక్కడం నేనే ఎక్కాను, దించడం మాత్రం గుర్రమే దించింది. జట్కా వ్యాపారంలో స్వారీతో పని ఉండదు కాబట్టి రికాబుల గురించి కూడా నాకు తెలిసింది తక్కువ. రికాబు అంటే స్వారీ చేసేవాడు పాదం ఆనించుకునే ఇనప చట్రం, ఇంగ్లీషులో స్టిరప్ అంటారు. దాన్ని జీనుకు వేలాడదీసే పట్టీ పేరు స్టిరప్ లెదర్. అప్పటికి నా పాండిత్యం అంతవరకే.

వరినాట్లు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం రేపల్లె బండి దిగి ఒకావిడ మా కొట్టుకొచ్చింది. ముప్పై దాటిన మనిషి, మడత నలగని నేత చీర, చేతిలో గొడుగు, చంకలో కాగితం పొట్లం.

"అన్నయ్యగారూ, ఒక బెల్టు కుట్టాలండి. బకిల్ గట్టిది వెయ్యండి. ఎంత లాగినా ఊడకూడదు."

"అలాగేనమ్మా. నడుముకా?"

"కాదండి, కాలికి."

"ఏ జంతువు కాలికమ్మా?"

"మా ఆయన కాలికండి" అంది.

సోడా కొట్టువాడు నవ్వు ఆపుకోలేక సీసా గోలీ నొక్కి చప్పుడు చేశాడు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే పొట్లం విప్పింది. లోపల ఎడమ కాలి పాత బూటు. దాని మడమలోంచి రెండు ఇనప కడ్డీలు పైకి లేచి ఉన్నాయి. క్యాలిపర్ అంటారు దాన్ని. పోలియో వచ్చిన కాలు వంగిపోకుండా నిలబెట్టే కట్టడం.

ఆవిడ పేరు సువార్తమ్మ. భర్త దేవదానం మాస్టారు, రేపల్లె అవతల కృష్ణ ఒడ్డున ఉన్న ఒక లంక ఊళ్లో బడిపంతులు. ఆ బడికి ఆయనొక్కడే టీచరు. అక్కడికి బస్సు లేదు, కరకట్ట మీదుగా పోవాలి. వానాకాలంలో ఆ నల్లమట్టిలో సైకిలు చక్రమే తిరగదు, పైగా ఆయన ఒంటికాలితో తొక్కలేడు. రేపల్లెలో ఒక జట్కా ఆయన ఆటో కొనుక్కుంటూ తన గుర్రాన్ని మాస్టారికి అప్పగించాడు. మెత్తటి గుర్రం. రెండేళ్లుగా మాస్టారు దాని మీదే బడికి వెళ్లొస్తున్నారు.

"మరి బెల్టెందుకమ్మా?"

"పోయినేడు ఎడం కాలు రికాబులోంచి జారి పడిపోయాడండి. బురదలో పడ్డాడు కాబట్టి బతికాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నేనే ఆ కాలు రికాబుకి కట్టేసి పంపిస్తున్నా. నా పాత చీర చింపి కడతన్నానండి. వానకి తడిస్తే సాగుతోంది. అందుకే తోలుదైతే..."

నాకది న్యాయంగానే తోచింది. వదులైంది ఏదైనా సరే లాగి కట్టెయ్యడమే జట్కా వాళ్ల పద్ధతి, నేను పుట్టి పెరిగిన పద్ధతీ అదే. టేపు తీసి కొలత మొదలుపెట్టాను.

"ఆగవోయ్!"

బల్ల మీద కూర్చుని తన సంచీకి జిప్పు వేయించుకుంటున్న నాగభూషణంగారు లేచి నిలబడ్డారు. బాపట్ల ఆయనది. గుర్రపు పోలీసుల్లో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను ఏమోయ్ అని తప్ప పిలిచేవారు కాదు.

"అమ్మాయ్, కట్టకపోతే పడతాడనేగా నీ భయం?"

"అవునండి."

"పడనియ్. పడితే లేస్తాడు. కాలు కట్టుకుని పడ్డాడనుకో, గుర్రం బెదిరి పరిగెత్తుద్ది. ఆయన తల నేలమీద, కాలు రికాబులో. ఊరొచ్చేదాకా ఈడ్చుకుపోద్ది. నేను చూశానమ్మా అట్టా పోయినవాణ్ణి. నా పక్క గుర్రమే."

సువార్తమ్మ మొహంలో నెత్తురు లేదు. కానీ మొండితనం ఉంది. "రోజూ నా చేత్తో కడుతున్నానండి, ఏమీ కాలేదు. కట్టకుండా పంపమంటే నా వల్ల కాదండి" అంది. బూటు మళ్లీ పొట్లం కట్టబోయింది.

"బెల్టు కుట్టద్దు. రికాబే మారుద్దాం. పాదాన్ని పట్టుకోవాలి, పడ్డప్పుడు వదలాలి. అట్టాంటివి ఉంటయ్యి. ఈ బూటు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు" అన్నారాయన. ఆవిడ బూటు వదిలిపెట్టింది, నమ్మకం మాత్రం వెంట తీసుకెళ్లింది.

ఆ ఆదివారం నేను బాపట్ల వెళ్లాను. బాబాయిగారు అటక మీదనుంచి ఒక ట్రంకుపెట్టె దించి, పండగ పిండివంటలు పెట్టినట్టు రకరకాల రికాబులు నా ముందు పరిచారు. మొదటి పాఠం వెడల్పు. పాదం మోపే అడుగుపలకను ట్రెడ్ అంటారు. బూటు పెట్టాక అటొక వేలు, ఇటొక వేలు దూరాలి. ఇరుకైతే బూటు బిగుసుకుపోతుంది, మరీ వెడల్పైతే మడమతో సహా దూరిపోతుంది. రెండో పాఠం బరువు. తేలికైనది పాదాన్ని అంటిపెట్టుకుని వస్తుందట, బరువైనది తనంతట తాను కిందికి జారుతుందట. మనుషుల్లోనూ అంతేనని నేననబోయాను గానీ, ఆయన బరువూ నా బరువూ తలుచుకుని ఊరుకున్నాను.

మూడోది చేతిలో పెట్టి, "ఇదీ అసలు సరుకు. పీకాక్ స్టిరప్" అన్నారు. దాని బయటివైపు ఇనుము లేదు. ఇనుముకు బదులు ఒక లావుపాటి రబ్బరు రింగు, కింద కొక్కేనికి తగిలించి ఉంది. మనిషి పడేటప్పుడు పాదం బయటికి తోస్తుంది, రింగు ఊడుతుంది, పాదం బయటపడుతుంది. రబ్బరు చిటికెన వేలి వైపే ఉండాలి. లోపలి వైపు తగిలిస్తే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దాన్ని తెనాలి తెచ్చి, కొట్టులో ఒక దూలానికి జీను కట్టి పరీక్ష పెట్టాం. ఎక్కింది నేను, కాలు పట్టి లాగింది బాబాయిగారు. వ్యాపారంలో నా కాలు పట్టి లాగినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నా మేలు కోరి లాగినవాడు ఆయనొక్కడే. లాగిన ప్రతిసారీ రింగు ఠప్పున ఊడింది, నేను గోనెల మీద పడ్డాను. చూడవచ్చినవాళ్లతో సోడా కొట్టువాడికి బేరం కుదిరింది.

ఆ జత పట్టుకుని ఇద్దరం రేపల్లె వెళ్లాం. మాస్టారిల్లు చర్చి వెనక వీధిలో. దేవదానం మాస్టారు సన్నగా, ఎప్పుడూ ఏదో తమాషా గుర్తొస్తున్నట్టుండే మనిషి. అరుగు మీదనుంచి గుర్రమెక్కి పెరట్లో ఒక చుట్టు తిప్పారు. కుడికాలికి పీకాక్ బ్రహ్మాండంగా ఉంది. ఎడమకాలికి మాత్రం గుర్రం కాస్త దుడుకు నడక అందుకునేసరికి రబ్బరు ఊడిపోయింది. మళ్లీ తగిలించాం. మళ్లీ ఊడింది.

బాబాయిగారు తలపట్టుకున్నారు. "కాలు లోపలికి తిప్పి పెట్టుకోండి మాస్టారూ."

"తిప్పుదామనే ఉంటదండీ. ఎక్కడుందో నాకు తెలుస్తానే ఉంటది గానీ, నా మాట వినదు. మా క్లాసులో వెనక బెంచీ లాంటిదండి అది" అన్నారు మాస్టారు.

బలం లేని ఆ కాలు బయటికి తిరిగిపోయి, పాదం వేళ్ల వైపు వాలిపోయి, వద్దన్నా రబ్బరును నెడుతోంది. ఊడాల్సినప్పుడు ఊడేది మంచి రికాబే, ఊడకూడనప్పుడు కూడా ఊడితే ఆయన రోజూ పడాల్సిందే. గుమ్మంలో నిలబడ్డ సువార్తమ్మ లోపలికెళ్లి చీర పేలిక తెచ్చి, భర్త కాలికి కట్టడం మొదలుపెట్టింది.

"మా పెళ్లిలో ఉంగరాలేనండీ, ముళ్లు లేవు" అన్నారు మాస్టారు మాతో. "ఆ లోటు ఇప్పుడు రోజూ తీరుస్తంది."

నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. అప్పుడు బాబాయిగారు, "అమ్మాయ్, ఆ ముడి ఇతనికి వెయ్యి" అని నన్ను చూపించారు. నా ప్రమేయం లేకుండానే నేను గుర్రమెక్కాను. కింద వరిగడ్డి పరిచారు. ఎప్పటిలాగే గట్టిగా కట్టమన్నారు. ఆవిడ కట్టింది. ఆయన గుర్రం కళ్లెం పట్టుకుని, రెండో చేత్తో నన్ను పక్కకి తోశారు.

తల కిందా కాలు పైనా వేలాడాను. వీపు గడ్డిలో ఉంది. ఎడమ కాలు మాత్రం గుర్రానికే చెందినట్టు పైనుండిపోయింది. గుర్రం కంగారుగా ఓ అడుగు వేసింది, దాంతోపాటు నేనూ వేశాను, వీపుతో.

"విప్పమ్మా!" అన్నారు బాబాయిగారు.

సువార్తమ్మ పరిగెత్తుకొచ్చింది. నా బరువుకి ముడి రాయిలా బిగుసుకుంది. గోళ్లతో లాగింది, పళ్లతో లాగింది. రాలేదు. గుర్రం ఇంకో అడుగు వేసింది. "ఆపండి, ఆపండయ్యా దాన్ని!" అని అరిచింది. గుర్రం ఆగే ఉంది, పట్టుకునే ఉన్నారు. అయినా ఆవిడ అరుస్తూనే ఉంది. చివరికి బాబాయిగారు నన్ను భుజాలు పట్టి పైకెత్తితే తప్ప ఆ ముడి వదల్లేదు.

ఆవిడ గడ్డిలో కూర్చుండిపోయింది. పేలికను చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "రోజూ కడుతున్నానే" అంది. అంతే అంది. మాస్టారు గోడ పట్టుకుని వచ్చి ఆవిడ పక్కన కూలబడ్డారు. 

కొంచెంసేపటికి సువార్తమ్మే తలెత్తింది. "అన్నయ్యగారూ, ముందుకి దూరకుండా ఆపితే చాలు కదండీ? వెనక్కి కట్టక్కర్లేదు కదా? బూటు ముందరి భాగం లాగా, బుట్ట లాగా తోలుతో కుడితే?"

నేనూ బాబాయిగారూ మొహాలు చూసుకున్నాం. రబ్బరు మాయలో పడి ఆ సంగతే మరిచాం. రికాబుకు ముందువైపు తోలు బుట్ట ఉంటే పాదం సగం వరకే దూరుతుంది. వాలిపోయే వేళ్లకు ఆసరా, బయటికి తిరిగే పాదానికి పక్కగోడ. వెనక మాత్రం అంతా ఖాళీ. పడితే పాదం తవ్వలోంచి బియ్యం జారినట్టు జారిపోవాల్సిందే. ఇలాంటివి హుడ్ స్టిరప్పులని ఎక్కడో ఉన్నాయని బాబాయిగారు తర్వాత గుర్తు చేసుకున్నారు. మాకు మాత్రం అది రేపల్లె పెరట్లోనే పుట్టింది.

ఆ బూటునే అచ్చుగా పెట్టుకుని కుట్టాను. జట్కా పగ్గాలకు వాడే దళసరి తోలు నానబెట్టి, బూటు మీద సాగదీసి, ఎండనిచ్చి, ఒక వెడల్పాటి ఇనప రికాబుకు బిగించాను. కుడికాలికి పీకాక్, ఎడమకాలికి బుట్ట. స్టిరప్ లెదర్లను జీనుకు కలిపి కుట్టేసి ఉంటే ఆ కుట్లూ విప్పి, వెనక్కి లాగితే జారిపోయే కొక్కేలకు తగిలించాను. ఎన్ని బిగించానో అన్ని వదిలించే మార్గాలూ పెట్టాను. మా కొట్టులో ఇంత వదులు సరుకు ఎప్పుడూ తయారుకాలేదు.

మరుసటి వానల్లో సువార్తమ్మ మళ్లీ రేపల్లె బండి దిగింది. కుడి రికాబుకు రబ్బరు రింగు కావాలంది.

"పాతదేమైందమ్మా?"

"కరకట్ట బురదలో పోయిందండి." బల్ల మీద కూర్చుంది. "సాయంత్రం గుర్రం ఒక్కటే ఇంటికొచ్చిందండి, జీను ఖాళీగా. నా ప్రాణం పోయింది. పట్టుకుని ముందు ఎడం రికాబు చూశా. బుట్టలో ఏమీ లేదు. కుడి వైపు చూస్తే రబ్బరు ఊడి ఉంది. అంటే ఈడ్చుకు రాలేదు, ఎక్కడో పడి ఉన్నాడు అనుకున్నానండి. ఏడుపొచ్చింది, కానీ కూలబడి ఏడవలేదు, నడుస్తా ఏడ్చా. సగం దారిలో కట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా బురద, భుజం బెణికింది. నీటిపాముని చూసి గుర్రం బెదిరిందంట. నన్ను చూసి ఏంటన్నాడో తెలుసా అండి? 'గుర్రం నాకన్నా ముందొచ్చిందా సువార్తా? హాజరు వేశావా?' అన్నాడండి."

చెబుతూ నవ్వింది, నవ్వుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను పెట్టెలో రింగు వెతుకుతున్నట్టు నటిస్తూ చాలాసేపు తల వంచుకునే ఉన్నాను. రింగు నాకు ముందే దొరికింది.

తొంభైలు వచ్చేసరికి గుర్రం సామాను అడిగేవాళ్లే లేకుండా పోయారు. స్కూటర్ల వాళ్లు వచ్చేవారు. బండి ముందు నిలబెట్టిన పాపను హ్యాండిలుకు కట్టుకోవడానికి ఒకరు, వెనక కూర్చునే ముసలమ్మను నడుముకు కట్టుకోవడానికి ఒకరు బెల్టులు అడిగేవారు. అందరిదీ ప్రేమే, అందరికీ గట్టి బకిలే కావాలి. "బండి పడ్డప్పుడు ఈ మనిషి ఎటు పడాలి బాబూ?" అని అడిగేవాణ్ని. అపశకునం మాటలని కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు. కొందరు మాత్రం ఆగి, స్కూటరు వైపు చూసి, పాప వైపు చూసి, ఆలోచనలో పడేవారు. వాళ్లకే కుట్టేవాణ్ని.