ఇనోస్ కోటు జేబు

లొవీనాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. అమెరికాలోని ఒహైయోలో, కరెంటూ కార్లూ వద్దనుకుని బతికే ఆమిష్ క్రైస్తవుల మధ్యే పుట్టి అరవయ్యేళ్లు బతికినా, ఎవరైనా రొట్టె తెచ్చిస్తే ఏం ఆశించి తెచ్చారోనని ఆరా తీసే మనిషి. ఇనోస్ విషయంలో ఆ అనుమానం ముదిరి రోగమైంది.

పక్క పొలం ఇనోస్ చాటుగా పైపు తాగి, నిప్పు చూసుకోక ఆమె కొట్టం తగలబెట్టాడు. రెండు గుర్రాలు కాలిపోయాయి. సంఘం ముందు మోకరించి ఒప్పుకుని ఏడ్చాడు. సంఘం క్షమించింది. క్షమించాక ఆ మాట ఎవరూ మళ్లీ ఎత్తకూడదు. లొవీనా నోరు మూసుకుంది గానీ కళ్లు మూసుకోలేదు. వాడు కొట్టం కట్టిపెట్టడానికి అందరికంటే ముందొస్తే నటన అనుకుంది. గడ్డి కోసిపెడితే దొంగభక్తి అనుకుంది. మొసలి కన్నీళ్లకు ఇంతమంది ఎలా కరిగారో ఆమెకు అంతుబట్టలేదు.

రొట్టే ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు జరిగే కూటంలో, అందరితో సమాధానంగా, అంటే ఎవరి మీదా పగ లేకుండా ఉన్నావా అని ఒక్కొక్కరినీ అడుగుతారు. లేనని ఎవరైనా పట్టుబడితే బల్ల ఆగిపోతుంది. ఈసారి కూటం లొవీనా ఇంట్లోనే. లేనని చెప్పి తీరాలనుకుంది. కానీ ఊరికే అంటే ఎవరు నమ్ముతారు? రుజువు కావాలి.

భోజనాల వేళ పడకగదిలోకి జారుకుంది. మగవాళ్ల నల్లకోట్లు మంచం మీద కుప్పగా ఉన్నాయి. లోపల కుట్టిన పేరు చూసి ఇనోస్ కోటు లాగి, జేబులో చెయ్యి పెట్టింది. పుదీనా బిళ్లలు! పొగ కంపు కప్పుకోవడానికే. కోటు ముక్కుకు ఆనించుకుని వాసన చూస్తుండగా గుమ్మంలో ఇనోస్.

"బిళ్లల కోసమొచ్చా పిన్నీ," అన్నాడు నెమ్మదిగా. "నువ్వూ ఒకటి తీసుకో. మధ్యాహ్నం ప్రసంగం పెద్దది."

ఇక వీడు తన పరువు బజారుకీడుస్తాడు, అందుకే ఇంత తియ్యగా మాట్లాడాడు అనుకుంది. ప్రసంగం అయ్యాక మగవాళ్లను ముందడిగారు. ఇనోస్ కోటు మాటే ఎత్తకుండా, సమాధానమేనని కూర్చున్నాడు. లొవీనా వంతు వచ్చింది. మోకాళ్ల మీద పడి, కోటు సంగతీ, ఇన్నాళ్ల పగా కక్కేసింది. సంఘం క్షమించింది.

సాయంత్రం ఇనోస్ బండికి గుర్రం కడుతుంటే దగ్గరికెళ్లింది.

"భయంతో మోకరించానో, మనస్ఫూర్తిగానో నాకే తెలీటం లేదురా."

ఇనోస్ పట్టీ బిగించడం ఆపాడు. "నావీ ముందు మోకాళ్లే వంగాయి పిన్నీ. మనసు వంగడానికి చాలా రోజులు పట్టింది."

అంటే వాడు సంఘం ముందు ఏడ్చిన రోజు తను అనుమానించింది నిజమే. అయినా లొవీనాకు గెలిచినట్టు లేదు, ఏడుపొచ్చింది.